మడినీరు - నల్లానీరు

 నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి, 2017లో కొలువు చాలించి, హైదరాబాదు పాతనగరపు పడమటి అంచున గుడిమల్కాపురమున కాలము గడుపుచున్నవాడను. పుట్టి పెరిగినదియు అచ్చటనే. చిన్ననాడు మా తండ్రిగారి కడ శబ్దములు, ధాతువులు, అమరకోశము వల్లించితిని. పిమ్మట కావ్యములు గురుముఖమున చదివితిని. ఇట్టి చదువు చదివినవాడు రేడియోలో మాటలాడ వచ్చెనేని పూర్వకాలమును పొగడి, నేటి కాలమును తెగడునని మీ రనుకొనుట సహజమే. నిజము చెప్పవలెనన్న బడిలో నేను చేసిన పనియు అదియే. "ఆ రోజులు వేఱు, ఆ మనుష్యులు వేఱు" అని ఎన్నిసార్లు చెప్పియుందునో లెక్కలేదు. నేడు ఆ మాట కొంత వెనుకకు తీసికొనుటకు వచ్చితిని. నా కీ బుద్ధి కలిగించినది ఒక నల్లా. కోస్తావారు కుళాయి యనుదానినే మేము నల్లా యందుము.

మా వాడలో ఝాంసింగు కట్టించిన వేంకటేశ్వరాలయము కలదు. ఆయన నిజాముల కొలువున అశ్వదళములో పనిచేసిన రాజపుత్రుడు. నేడు గుడిమల్కాపుర మన్నచో జనులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది పూలబజారు. తెల్లవారుజామునకే బంతి, చామంతి, గులాబి మూటలు బండ్లనుండి దిగుచుండును. నా చిన్ననాడు ఆ సందడి లేదు. తోటలు, మోటబావులు, మట్టిబాటలు. పట్టణమునకును పల్లెకును నడిమి బ్రతుకు. మా వీధి చివర ఒక దిగుడుబావి యుండెను. ఎండకాలమున అడుగునకు చేరుటకు నలుబది మెట్లు దిగవలెను.

ఆ మెట్లు దిగినది ఎవరు? మా తండ్రిగారు కారు, నేనును కాను. మా అమ్మ. ప్రొద్దుట ఏడు బిందెలు, సాయంకాలము అయిదు. వంటకు, దేవతార్చనకు, ఎనమండుగురి స్నానములకు, ఎవరైన అతిథి వచ్చినచో వారి కాళ్ళకు. నిండిన బిందె పదునైదు కిలోల కేమాత్రమును తక్కువ యుండదు. బడిపంతులకు లెక్కకట్టు అలవాటు పోదు గదా! మొన్న నొకనాడు కాగితముమీద వేసి చూచితిని. దినమునకు నూట యెనుబది కిలోలు. సంవత్సరమునకు 65,700 కిలోలు. ఇంత బరువును ఒక బక్కపలుచని స్త్రీ ఏటేట నలుబది మెట్లు పైకెక్కించెను. దీనిని మేము గృహిణీధర్మ మంటిమి. శ్లోకములు చదివి మెచ్చుకొంటిమి కాని బిందె యందుకొన్నవాడు లేడు.

పూర్వకాలపు వైభవమును గూర్చి చెప్పువారు రాజుల కథలు చెప్పుదురు. సరే, రాజు మాటయే తీసికొందము. మా మిద్దె యెక్కినచో గోలకొండ కోట కనబడును. ఆ కోటకు నీరు దుర్గము చెఱువునుండి మట్టిగొట్టముల దారిని వచ్చెడిది. కోట గోడలలో ఆ గొట్టములు నేటికిని అచ్చటచ్చట అగపడును. చదునున నీరు తనంత నడచును. కొండమీది కెట్లు పోవలెను? అంచెలంచెలుగా తొట్లు కట్టి, ఒక తొట్టినుండి మఱియొక తొట్టికి చక్రములతో ఎక్కించిరి. ఆ చక్రములు త్రిప్పిన యెడ్ల పేర్లును, మనుష్యుల పేర్లును ఏ చరిత్రలోను లేవు. 1687లో కోట ఔరంగజేబు వశమగువఱకును తానీషా ప్రభువు కొండమీద స్నానమాడిన నీరు ఎందఱి చెమటయో! నేడు మా పొరుగున ఆటో నడుపుకొను నొక గృహస్థుడు తెల్లవాఱుజామున మీట నొక్కును. నీరు మూడంతస్తుల మేడపైనున్న నల్లని తొట్టిలోనికి తానే యెగబ్రాకును. ఆయన దానిని వైభవ మనుకొనడు. తానీషా చూచియున్న ఏమనుకొనునో!

ఆ దిగుడుబావి మాట ముగియలేదు. మీ యూళ్ళయందును ఏబదియేండ్లు దాటినవారు నారికురుపు పేరు విని యుందురు. మన ప్రాచీన వైద్యులు దానిని స్నాయుక మనిరి. మా నాయనమ్మ కాలికి అది లేచెనట. పిక్కమీద పొక్కు లేచి, పగిలి, దానినుండి తెల్లని దారమువంటి పురుగు వెలువడును. ఒక్కసారి లాగిన తెగును. తెగినచో లోన చీముపట్టి కాలు చెడును. కావున చిన్న పుల్లకు చుట్టి, దినమునకు వ్రేలెడు చొప్పున, వారముల కొలది లాగవలెను. ఆ పురుగు మూరెడు, ఒక్కొక్కప్పుడు రెండు మూరలు. దైవకోప మనిరి, పూర్వజన్మపాప మనిరి. అసలు సంగతి ఇది: కురుపు గలవాడు మంట చల్లార్చుకొనుటకు దిగుడుబావిలో కాలు పెట్టును, పురుగు తన పిల్లలను నీటిలో విడుచును, కంటికి కనబడీ కనబడని నీటిపురుగులు వానిని మ్రింగును, ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి మరల నారికురుపు లేచును. మందు లేదు, టీకా లేదు. నీటిని గుడ్డతో వడగట్టుట, బావిలోనికి మనుష్యులు దిగకుండ చేయుట, చేతిపంపు పెట్టుట: ఇంతమాత్రముచేతనే భారతదేశమున ఆ వ్యాధి అంతరించినది. 1996 తరువాత ఒక్కరికిని రాలేదు. 2000లో మన దేశము దాని బారినుండి విముక్తమైనదని ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపఱచినది.

ఇందొక విచిత్రము కలదు. నీటిని వస్త్రముతో వడగట్టి త్రాగవలెనని మనుస్మృతి చెప్పియే యున్నది. ఆ మాటను నేను కుఱ్ఱవాడనుగా నుండగనే కంఠస్థము చేసితిని, అర్థము చెప్పితిని, వ్యాకరణము చెప్పితిని. మా ఇంటి బిందెమీద గుడ్డ కట్టవలెనని మాత్రము తోచలేదు. మన పూర్వులకు తెలియదని నేననను. తెలిసినది తాళపత్రముమీద నుండెను, బావి కడకు రాలేదు.

ఇక నగరమునకు నీరెట్లు వచ్చినదో కొంచెము చెప్పెదను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచినది. వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజి కడ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూఱ్యేబదిమంది బ్రదికిరి. ఆ చెట్టు తరువాతి తరములవారికిని ఆనవాలుగా నిలిచినది. మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నగరమునకు ఎగువన నీటికి అడ్డుకట్టలు వేయవలెనని ఆయన యోచన చెప్పెను. ఆ యోచన ననుసరించి 1920లో గండిపేట కడ ఉస్మాన్‌సాగరమును, 1927లో ఈసీయేటిమీద హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. వరద నాపుటకు కట్టిన కట్టయే దాహము తీర్చు చెఱువైనది. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని మా వారి నానుడి.

ఆ గండిపేట నీరు కాలువవెంట, ఏ యంత్రమును త్రోయకుండగనే, పల్లమునకు ప్రవహించి మా పొరుగుననున్న ఆసిఫ్‌నగరమునకు వచ్చును. అచ్చట నీటిని వడపోయు ఇసుకపఱుపు లున్నవి. బడిపిల్లలను నేనొకప్పుడు వెంటబెట్టుకొని పోయి చూపితిని. ఇసుకపఱుపు పని తీరు చిత్రమైనది. ఇసుక కేవలము చెత్తను పట్టును అనుకొందుము. నీరు మెల్లగా దిగు పాత పద్ధతి పఱుపుపై కొలది దినములకు జిగురువంటి పలుచని పొర పుట్టును. అందులో కంటికి కానరాని జీవులుండి, నీటితో వచ్చు రోగక్రిములను భక్షించును. నీరు పొరను దాటి, ఇసుక దాటి, గులకరాళ్ళు దాటి అడుగునకు వచ్చునప్పటికి తేటపడును. పిమ్మట కొలది క్లోరిను కలుపుదురు. ఆ వాసన గిట్టక ముక్కు మూసికొనువారు నేటికిని కలరు. నాకును మొదట గిట్టలేదు.

ఇసుకవలన ప్రయోజన మేమని సందేహించువారికి జర్మనీదేశపు కథ యొకటి. 1892లో హాంబర్గు నగరమున గత్తర, అనగా కలరా, చెలరేగి 8,000 మందికి పైగా మరణించిరి. దాని ప్రక్కనే, ఒక వీధి యవతల, అల్టోనా యను మఱియొక పట్టణ ముండెను. రెండూళ్ళును ఎల్బ్ అను ఒక్క నది నీరే త్రాగుచుండెను. పైగా అల్టోనా దిగువ నుండుటచే హాంబర్గు కల్మషము కలిసిన నీరే దానికి వచ్చుచుండెను. అయినను అల్టోనాలో మరణములు మిక్కిలి తక్కువ. అల్టోనావారు నీటిని ఇసుకలో వడపోసికొనిరి, హాంబర్గువారు పోయలేదు. భేద మంతయు నదియే. ఒకే వీధిలో ఈ వైపు ఇండ్లలో శవములు లేచినవి, ఆ వైపు ఇండ్లలో లేవలేదు.

మన యూళ్ళలో గత్తర యన్న పోచమ్మ కోపము. 1813లో మా జంటనగరములలో గత్తర చెలరేగినపుడు, ఉజ్జయినిలో నున్న దండువారు మహంకాళికి మ్రొక్కుకొనిరనియు, సికింద్రాబాదు ఆలయము అట్లు వెలసినదనియు చెప్పుకొందురు. ఆషాఢమున బోనము లెత్తునపుడు నేనును నమస్కరింతును. అమ్మవారికి మ్రొక్కుట వేఱు, నీటిని కాచి చల్లార్చి త్రాగుట వేఱు. ఒకటి చేసినచో రెండవది అక్కఱలేదని అమ్మవారు ఎన్నడును చెప్పలేదు.

ఇప్పుడు చెప్పబోవునది ఇంతవఱకు సభలలో చెప్పియుండలేదు.

నా చిన్ననాటికే మా ఇంటికి రెండు వీధుల అవతల వీధినల్లా యుండెను. ఆసిఫ్‌నగరపు నీరు. జనులు బారులు తీరి పట్టుకొనుచుండిరి. మా ఇంటికి మాత్రము ఆ నీరు రాదు. నల్లా లోపల తోలుబిళ్ళ యుండునని మా తండ్రిగారు వినియుండిరి. తోలు తగిలిన నీరు మడికి పనికిరాదు. దేవతార్చనకు పనికిరానిది వంటకును పనికిరాదు. ఇది ఆయన నిర్ణయము. ఆయన కఠినుడు కాడు, మిక్కిలి దయగలవాడు. తాను నమ్మినది ఇంటిల్లిపాదికి మేలని నమ్మినవాడు. ఒకనాడు మా అమ్మ మెల్లగా, "మోటబావి బొక్కెన తోలు తోలు కాదా అండీ? ఆ నీట పండిన వంకాయ తినుచున్నాము గదా!" అని యడిగినది. ఆయన, "శాస్త్రము నీకు తెలియదు" అనిరి. అంతటితో అది ముగిసినది. అమ్మ బావికే పోవుచుండెను.

1966వ సంవత్సరము, శ్రావణమాసము. వానకు బావిలోనికి వీధినీరు దిగినది. నాకు ఏడేండ్లు, నా చెల్లెలికి నాలుగు. ప్రొద్దుట దానికి వాంతులును, భేదులును మొదలైనవి. మధ్యాహ్నమునకు కన్నులు లోతుకు పోయినవి. ఇంట నిండిన పెద్దవా రందఱును చెప్పిన దొక్కటే మాట: నీరు పోయకుడు, పోసినచో భేదులు హెచ్చును. నన్ను దాని ప్రక్కన కూర్చుండబెట్టి, అడిగినను ఈయవలదనిరి. అది అడిగినది. మొదట గట్టిగా, తరువాత పెదవులతో. "అన్నయ్యా, నీళ్ళు" అన్నది. చెంబు నా చేతి కందునంత దూరముననే యున్నది. నేను మాట వినువాడనని పేరుపొందిన పిల్లవాడను. ఈయలేదు. దీపములవేళకు అది పోయినది.

బావినీటి మూలముననే పోయినదని ఎవరును పరీక్షించి చూడలేదు. నేను అట్లని ప్రమాణము చేయను. నీరు మానిపించుట తప్పని మాత్రము నేడు లోకమంతయు ఎఱుగును. అయిదేండ్ల పిమ్మట, 1971లో, తూర్పుబెంగాలునుండి తరలివచ్చిన కాందిశీకుల శిబిరమున, బనగాములో, గత్తర చెలరేగెను. సూదిమందు నీరు చాలకపోయెను. దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పును, చక్కెరను, మఱికొంత సోడాను నీటిలో కలిపించి, డ్రమ్ములలో నింపి, తల్లులచేతనే పిల్లలకు త్రాగించెను. అంతకుమున్ను నూటికి ముప్పదిమంది మరణించుచుండగా, ఆ నీరు త్రాగినవారిలో నూటికి నలుగురికంటె తక్కువమంది పోయిరి. చక్కెర వెంట ఉప్పును, ఉప్పు వెంట నీటిని ప్రేగు పీల్చుకొనుననునదే ఇందలి కీలకము. ఆయన 2022లో కీర్తిశేషుడైనాడు. మఱుసటి యేడు పద్మవిభూషణ మిచ్చిరి.

ఇది వినుచున్న తాతలును, అమ్మమ్మలును గుఱుతుంచుకొనుడు. కాచి చల్లార్చిన నీరు ఒక లీటరు. చిన్న చెంచాతో తలగొట్టి చక్కెర ఆఱు చెంచాలు. ఉప్పు అరచెంచా, అంతకు మించరాదు. పొట్లము దొరకినచో పొట్లమే మేలు, ఆరోగ్యకేంద్రమున ఇత్తురు. పిల్ల వాంతి చేసికొన్నను పది నిముషము లాగి, మరల చెంచాచెంచాగా పోయవలెను. పోయుచునే ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఈ వస్తువులలో మా వంటింట ఆనాడు లేనిది ఒక్కటియు లేదు. చక్కెర డబ్బా గూటిలో నున్నది. ఉప్పు జాడీ దాని క్రింద నున్నది.

కర్మాంతరము ముగిసిన మఱునాడు మా అమ్మ బిందె తీసికొని, ఎవరితోను చెప్పక, బావివైపు కాక రెండవవైపు నడచినది. నల్లానీరు తెచ్చి వంటయింట దింపినది. మా తండ్రిగారు చూచిరి. పంచపాత్ర పట్టుకొని కొంతసేపు నిలువబడిరి. తరువాత ఆ బిందెనుండియే ముంచుకొని సంధ్య వార్చిరి. దానిని గూర్చి వారిద్దఱును ఎన్నడును మాటలాడుకొనగా నేను వినలేదు.

మా ఇంటిలోనికే నల్లా వచ్చినది 1974లో. ఆ దినమున ఎవరును కొబ్బరికాయ కొట్టలేదు కాని మా అమ్మ మాటిమాటికి పోయి త్రిప్పి చూచి వచ్చుచుండెను. ఆ ఏడే ఆమె నన్ను పలక అడిగినది. ఆమెకు నలుబదియేండ్లు, నాకు పదునైదు. పండితుని భార్య, ఓనమాలు రావు. దినమునకు మూడు నాలుగు గంటలు బావి తినివేయుచుండగా ఆమెకు చదువున కేది తీరిక? మూడేండ్లకు భాగవతము కూడబలుకుకొని చదివినది. తరువాత నేను వందలకొలది పిల్లలకు అక్షరములు నేర్పితిని. నా శిష్యులలో మొదటిది మా అమ్మ. గురుదక్షిణ ఇచ్చినది నల్లా.

ప్రయాణముల మాట కొంచెము ముచ్చటించి వదలెదను. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగి. ధనవంతుడు. ఆయన 1830 మే 18న కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. పల్లకీలు, బోయీలు, పరివారము. మా హైదరాబాదుమీదుగనే పోయెను. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర చదివినవారు గమనించియుందురు: ప్రతి మజిలీలోను ఆయన చూచునది నీరు మంచిదా, బావి కలదా, అంగళ్ళు కలవా యని. అంతటి సంపన్నునికి పదునైదు నెలలకు పైగా పట్టిన పుణ్యము నేడు రెండు పెట్టెబట్టలు గల ముసలివాడు సికింద్రాబాదులో రైలెక్కి మఱునాడు సంపాదించుకొనుచున్నాడు. ఇందు తీర్థఫలము తగ్గునని కొందఱందురు. తగ్గునేమో, నేను తూచి చూడలేదు.

కన్నుల సంగతి చెప్పక పోరాదు. మా తండ్రిగారికి ముదిమిలో శుక్లములు పండెను. సుశ్రుతుడు చెప్పిన శస్త్రచికిత్స మనకు గర్వకారణమే. అది పొరను సూదితో ప్రక్కకు నెట్టుట. మా తండ్రిగారు కత్తికి ఒప్పుకొనలేదు. కడపటి ఎనిమిదేండ్లు నేను చదువగా ఆయన వినుచుండిరి. నేను తప్పు చదివినచో చీకటిలోనుండి సవరించుచుండిరి. అదే వ్యాధి నాకును వచ్చినది. మెహదీపట్టణము కడ సరోజినీదేవి నేత్రవైద్యశాలలో ఒక్క పూటలో పొరను తీసి, ధాన్యపుగింజకంటె కొంచెము పెద్దదగు కాచబిళ్ళ వంటి కటకము నమర్చిరి. దానిని మొదట కంటిలో పెట్టినవాడు హెరాల్డ్ రిడ్లీ యను ఆంగ్లవైద్యుడు, 1949లో. యుద్ధమున విమానపు కిటికీ తునుకలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొన్నను కన్ను వానిని త్రోసివేయకుండుట చూచి ఆయనకు ఆ యూహ కలిగెను. కట్టు విప్పిన దినమున నేను మొదట చూచినది గోడమీది పంచాంగము, తిథి చదివితిని. మా తండ్రిగారు ఎనిమిదేండ్లు తిథి ఇతరుల నడిగి తెలిసికొనిరి.

మీలో కొందఱు తలయూపుచు, "పంతులుగారు ఒక ప్రక్కనే చెప్పుచున్నారు" అనుకొనుచుందురు. నేను గ్రుడ్డివాడను కాను. ఇప్పుడు అసలే కాను. మూసీ యేఱు నేడు ముక్కుమూసికొని దాటవలసిన మురుగు. గండిపేట నీరు పెరిగిన నగరమునకు చాలక 2004లో కృష్ణనుండియు, 2015లో గోదావరినుండియు నూఱు కిలోమీటరులకు మించి నీటిని ఎగువకు తోడి తెచ్చుకొనుచున్నాము. ఆ తోడుటకు ఎంత విద్యుత్తు! మా దిగుడుబావిని చెత్తతో పూడ్చి పైన ఇండ్లు కట్టిరి. చెఱువులును బావులును అట్లు పూడ్చినందున 2020 అక్టోబరు వానలకు నగరములో వీధులు ఏఱులైనవి. 2022లో బన్సీలాల్‌పేటలోని పాత మెట్లబావిని శుభ్రపఱచి చూపునపుడు నేనును పోయితిని. ఆ రాళ్ళ అమరిక చూచి ఆనందించితిని. ఆ మెట్లను లెక్కపెట్టితిని గూడ. ఆనందము కొంత తగ్గినది.

ప్రవరుని కథ మీ రెఱుగుదురు. సిద్ధు డిచ్చిన పాదలేపము పూసికొని క్షణములో హిమాలయము చేరినాడు. మంచుకు లేపము కరగిపోగా ఇల్లు చేరు దారి లేక దిక్కులు చూచినాడు. మొన్న వేసవిలో మా వీధిలో రెండు దినములు కరెంటు పోయినపుడు మా స్థితియు అదియే. మోటరు తిరుగదు, తొట్టి నిండదు. మా మనుమడు ఖాళీ బిందె పట్టుకొని, "తాతయ్యా, పూర్వము ఏమి చేసెడివారు?" అని యడిగినాడు. ఎవరు చేసెడివారో చెప్పితిని.

నల్గొండ జిల్లావారు వినుచున్నచో వారికి నేను చెప్పవలసిన పని లేదు. అచ్చట లోతుబావుల నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచినది. మునుగోడు, మర్రిగూడెము ప్రాంతములలో ముప్పదియేండ్లకే నడుము వంగినవారిని చూచితిమి. మన తెలంగాణములో 2016లో ప్రారంభించిన నల్లానీటి పథకమునకు భగీరథుని పేరు పెట్టిరి. పేరు నాకు నచ్చినది. గంగను దించుటకు ఆయన తపస్సు చేసెను గాని, దిగిన గంగను ఇంటింటికి మోసినదెవరో పురాణము చెప్పలేదు.

నా కిచ్చిన సమయము పూర్తి కావచ్చినది. మా వీధికి నీరు దినము విడిచి దినము వచ్చును. నేడు వచ్చు దినము. ఆఱు గంటలకు విడుతురు. మా కోడలు పనినుండి ఇల్లు చేరునప్పటికి ఏడగును. తొట్టి నింపుట, బిందెలు కడిగి పట్టుట, గుడ్డ కట్టుట, ఇప్పుడు నా పని. ఆలస్యమైనచో నీరు పోవును. సెలవు.